ఒకే రసీదు, నాలుగు ఖాతాలు: సంయుక్త పద్దు గురించి దాతలకు ఒక పాఠం



ఈ సంచిక చివరి పుటల్లో ప్రతి ఏటా మన సంస్థ జమాఖర్చుల పట్టికలు అచ్చు వేస్తున్నాం. వాటిని ఓపికగా చదివేవారు తక్కువ. చదివినవారిలోనూ చాలామంది అడుగున ఉన్న రెండు మొత్తాలు సరిపోయాయా అని చూసి పేజీ తిప్పేస్తారు. ఇందులో వారిని అనడానికేమీ లేదు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పకపోతే చూసి చేయగలిగింది అంతే.

అందుకే ఈసారి పట్టికలకు ముందు ఈ చిన్న పాఠం పెడుతున్నాం. పద్దుల శాస్త్రమంతా చెప్పబోవడం లేదు. ఒకే ఒక్క అంశం తీసుకుంటున్నాం. ఒక లావాదేవీ రెండు ఖాతాలతో ఆగకుండా మూడు, నాలుగు, అయిదు ఖాతాలను తాకితే దాన్ని చిట్టాలో ఎలా రాయాలి? ఇలా రాసిన పద్దును సంయుక్త పద్దు అంటారు. కామర్స్ చదివే మన పిల్లలు కాంపౌండ్ ఎంట్రీ అంటారు. వినడానికి ఇది గుమాస్తాల వ్యవహారంలా ఉంటుంది. కానీ మీరు ఇచ్చిన సొమ్ము మీరు అనుకున్న పనికే చేరిందా, దారిలో మరో పనిలో కలిసిపోయిందా అన్నది తేలేది ఈ పద్దు దగ్గరే.

ముందు డెబిట్, క్రెడిట్ అనే రెండు మాటల దగ్గర కాస్త ఆగాలి. చాలామందికి చిక్కు ఇక్కడే. మీ ఫోనుకు బ్యాంకు నుంచి సందేశం వస్తుంది, ఇంత సొమ్ము మీ ఖాతాలో క్రెడిట్ అయింది అని. అంటే డబ్బు వచ్చిందన్నమాట. మన సంస్థ పుస్తకంలో మాత్రం డబ్బు వస్తే బ్యాంకు ఖాతాకు డెబిట్ రాస్తాం. ఇదేమిటి, తలకిందులుగా ఉందే అనిపిస్తుంది. నిజానికి ఆ సందేశం బ్యాంకు వారి పుస్తకంలోది. మన సొమ్ము వారి దగ్గర ఉన్నంత కాలం వారు మనకు బాకీ. ఇచ్చినవారం మనం కాబట్టి వారి పుస్తకంలో మన పేరున క్రెడిట్. పుచ్చుకున్నవారు బ్యాంకు వారు కాబట్టి మన పుస్తకంలో బ్యాంకుకు డెబిట్. ఒకే సొమ్మును ఇద్దరు చెరో వైపు నుంచి చూస్తున్నారు.

ఇంటర్మీడియట్ పుస్తకంలో చెప్పే మూడు సూత్రాలు ఇవే. పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వచ్చే వస్తువుకు డెబిట్, పోయే వస్తువుకు క్రెడిట్. ఖర్చులకు, నష్టాలకు డెబిట్, ఆదాయాలకు, లాభాలకు క్రెడిట్. కార్యాలయం కరెంటు బిల్లు 1,800 రూపాయలు నగదుగా కట్టామనుకోండి. విద్యుత్ ఖర్చు ఖాతాకు 1,800 డెబిట్, నగదు ఖాతాకు 1,800 క్రెడిట్. రెండే ఖాతాలు. ఇది సాధారణ పద్దు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ దీన్ని వివరించాడు. ఆయన దీన్ని కనిపెట్టలేదు, అక్కడి వర్తకులు అప్పటికే రాస్తున్న తీరును పుస్తకంలో పెట్టాడు. ఆయన చెప్పిన పుస్తకాలు మూడు. జరిగింది జరిగినట్టు రాసుకునే జ్ఞాపకాల పుస్తకం, దాన్ని డెబిట్, క్రెడిట్లుగా విడదీసే చిట్టా, ఖాతాల వారీగా చేర్చే ఆవర్జా. మన సంస్థలో మొదటి పుస్తకం స్థానం రసీదు పుస్తకానిది. మీరు నోటితో చెప్పింది కాగితం మీదికి ఎక్కేది అక్కడ.

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. అంకెలు పాఠం కోసం అనుకున్నవే.

రమజాన్ నెలలో ఒక దాత మన బ్యాంకు ఖాతాకు 60,000 రూపాయలు పంపారు. ఫోను చేసి ఇలా చెప్పారు. ఏడాది గడిచిన 16 లక్షల పొదుపు మీద జకాత్ 40,000, సదఖా 5,000, విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు 10,000, ఇఫ్తార్ ఏర్పాట్లకు 5,000. జకాత్ నూటికి రెండున్నర, అంటే నలభయ్యో వంతు. 16 లక్షలకు 40,000 సరిపోతుంది. పాస్‌బుక్కులో కనిపించేది మాత్రం ఒకే వరుస, 60,000. దాత మనసులో ఉన్నవి నాలుగు. చిట్టాలో ఇలా రాస్తాం:

బ్యాంకు ఖాతా: డెబిట్ రూ. 60,000
జకాత్ నిధి ఖాతా: క్రెడిట్ రూ. 40,000
సదఖా ఖాతా: క్రెడిట్ రూ. 5,000
స్కాలర్‌షిప్పు నిధి ఖాతా: క్రెడిట్ రూ. 10,000
ఇఫ్తార్ నిధి ఖాతా: క్రెడిట్ రూ. 5,000
(దాత నుంచి బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్మును వారు ఫోనులో చెప్పిన ప్రకారం నాలుగు ఖాతాలకు జమ చేయడమైనది. రసీదు నంబరు, బ్యాంకు రిఫరెన్సు నంబరు.)

ఒక డెబిట్, నాలుగు క్రెడిట్లు. రెండు వైపులా మొత్తం 60,000. తేదీ ఒకటి, జరిగిన సంగతి ఒకటి, కింద వివరణ ఒకటి.

దీన్నే నాలుగు సాధారణ పద్దులుగా రాయవచ్చు కదా అని అడగవచ్చు. రాయవచ్చు, లెక్క తప్పదు. కానీ పాస్‌బుక్కులో 60,000 ఒకే వరుసగా ఉంటుంది, మన ఆవర్జాలో 40,000, 5,000, 10,000, 5,000 అని నాలుగు వరుసలు ఉంటాయి. నెలాఖరున రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసేవారు ఈ నాలుగింటినీ వెతికి కలుపుకోవాలి. రమజాన్‌లో ఇలాంటివి వందల్లో వస్తాయి. పైగా ఒక రసీదు నాలుగు పద్దుల్లో చీలిపోతే ఎక్కడో ఒకచోట ఒక ముక్క రాయడం మరిచిపోవడానికి ఆస్కారం ఉంది. ఒకే పద్దులో ఉంటే ముక్క తప్పిపోగానే మొత్తాలు సరిపోవు, అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇంకో దారి ఉంది, సులువైనది, మేము ఒప్పుకోనిది. ‘విరాళాలు 60,000’ అని ఒకే క్రెడిట్ రాసేయడం. డెబిట్, క్రెడిట్ సరిపోతాయి. కాని దాత చెప్పిన నాలుగు మాటలూ ఆ పద్దులో మునిగిపోతాయి. ఆరు నెలల తర్వాత ఆ 60,000లో జకాత్ ఎంత అని అడిగితే పుస్తకం జవాబు చెప్పదు, ఎవరి జ్ఞాపకం మీదనో ఆధారపడాలి.

జకాత్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. జకాత్ ఎవరికి చెందుతుందో దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ వాక్యం ఎనిమిది వర్గాలుగా పేర్కొంది. మసీదు కట్టడానికి, భవనం పైకప్పుకు అది వాడరాదన్నది అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. అందుకే మన పుస్తకాల్లో జకాత్‌ను సంస్థ ఆదాయంగా రాయం, నిధి ఖాతాగా రాస్తాం. అది సంస్థ సొమ్ము కాదు, హక్కుదారుకు చేరేదాకా మన దగ్గర ఉన్న అమానత్. ఫిత్రా సంగతి ఇంకా గట్టిది. దానికి గడువు ఉంది. పండుగ నమాజుకు ముందే అది పేదల చేతికి చేరాలి. ఫిత్రాకు వేరే ఖాతా ఉంటే పండుగ ముందు రాత్రి ఆ ఖాతా తెరిచి నిల్వ సున్నా అయిందా అని ఒక్క చూపులో తెలుసుకోవచ్చు. సదఖాతో కలిపి రాస్తే ఆ చూపు దొరకదు.

అప్పును రాసి పెట్టుకోవాలని, ఒక లేఖరి న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని చెప్పే బఖరా సూరా 282వ వాక్యం ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైన వాక్యమని మీలో చాలామందికి తెలుసు. లెక్క రాయడం మనకు బయటి నుంచి వచ్చిన ఆఫీసు పని కాదని గుర్తుంచుకోవడానికి అది చాలు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. ట్యూషన్ కేంద్రంలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలి నెల జీతం 18,000. కిందటి నెల ఇంట్లో అవసరం వచ్చి ఆమె కొంత అడ్వాన్సు తీసుకున్నారు. అందులో ఈ నెల 2,000 మినహాయించుకోమన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15,000 దాటి 20,000 వరకు జీతం ఉన్నవారికి వృత్తి పన్ను నెలకు 150 రూపాయలు. అది మనం కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఆమె ఖాతాకు వెళ్లేది 15,850.

జీతాల ఖాతా: డెబిట్ రూ. 18,000
సిబ్బంది అడ్వాన్సు ఖాతా: క్రెడిట్ రూ. 2,000
చెల్లించవలసిన వృత్తి పన్ను ఖాతా: క్రెడిట్ రూ. 150
బ్యాంకు ఖాతా: క్రెడిట్ రూ. 15,850

ఇక్కడ తొందరపడి ‘జీతం 15,850’ అని రాస్తే ఏమవుతుంది? బ్యాంకుతో సరిపోతుంది. కాని మూడు అబద్ధాలు పుస్తకంలో చేరతాయి. ఆమె జీతం 18,000 అయినా తక్కువ అని పడుతుంది. ఆమె తీర్చిన 2,000 ఇంకా బాకీ ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రభుత్వానికి కట్టవలసిన 150 ఎక్కడా ఉండదు, కట్టడం మరిచిపోతారు. వీటిలో రెండోది మాకు అన్నిటికన్నా బాధగా అనిపిస్తుంది. తీర్చిన అప్పును తీర్చనట్టు చూపడం ఒక మనిషి మాటను అనుమానించడమే అవుతుంది. ఇలాంటి చోట సంయుక్త పద్దు ఆమె గౌరవాన్ని కాపాడుతుంది.

వచ్చిందీ పోయిందీ కూడి తీసి మిగిలింది మాత్రమే రాసే ఈ అలవాటు బ్యాంకు వడ్డీ దగ్గర కూడా కనిపిస్తుంది. పొదుపు ఖాతాలో 1,240 వడ్డీ పడింది, బ్యాంకు వారు 118 చార్జీలు కోసుకున్నారు, కాబట్టి 1,122 వచ్చింది అని రాస్తారు. వడ్డీని మనం వేరుగా ఉంచి వేరుగా వదిలించుకోవాలి. చార్జీలు సంస్థ ఖర్చు. 1,122 అని రాసినప్పుడు సంస్థ ఖర్చు వడ్డీ సొమ్ముతో కట్టినట్టయింది, అదీ ఎవరికీ కనిపించకుండా. రెండూ వేర్వేరు సంగతులు, పూర్తి అంకెలతో రెండు పద్దులుగానే రాయాలి. ఒకే పాస్‌బుక్కు పేజీలో ఉన్నంత మాత్రాన అవి ఒకే లావాదేవీ కావు.

రేషన్ కిట్ల కొనుగోలులో ఇంకాస్త సూక్ష్మమైన సంగతి ఉంది. ఇది పాఠ్యపుస్తకంలో దొరకదు కాబట్టి కొంచెం ఆగి చెబుతాం.

రమజాన్‌కు ముందు జకాత్ నిధి నుంచి పేద కుటుంబాలకు రేషన్ కిట్లు ఇవ్వడానికి హోల్‌సేల్ దుకాణంలో సరుకు కొన్నాం. బిల్లు 84,000. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు 20,000. మంచి పని కోసమని, వెంటనే చెక్కు ఇచ్చామని దుకాణదారు 2,000 తగ్గించారు. మిగిలిన 62,000కు చెక్కు ఇచ్చాం. పుస్తకం నేర్పే తీరులో ఇది ఇలా ఉంటుంది:

జకాత్ వినియోగం (రేషన్ కిట్లు) ఖాతా: డెబిట్ రూ. 84,000
సరఫరాదారు అడ్వాన్సు ఖాతా: క్రెడిట్ రూ. 20,000
వచ్చిన డిస్కౌంటు ఖాతా: క్రెడిట్ రూ. 2,000
బ్యాంకు ఖాతా: క్రెడిట్ రూ. 62,000

మొత్తాలు సరిపోయాయి. వ్యాపారంలో ఇది తప్పు లేని పద్దు. వెంటనే చెల్లించినందుకు ఇచ్చే నగదు డిస్కౌంటును వ్యాపారి ఆదాయంగా రాసుకుంటాడు. కాని మన దగ్గర ‘వచ్చిన డిస్కౌంటు’ ఖాతా సంవత్సరాంతాన ఎక్కడికి పోతుంది? సాధారణ నిధిలోకి. అంటే జకాత్ ఖాతాలో 84,000 ఖర్చయినట్టు రాసి, నిజానికి ఖర్చయింది 82,000 మాత్రమే అయితే, తేడా 2,000 జకాత్ నుంచి సాధారణ నిధికి జారిపోయింది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరికీ ఆ ఉద్దేశమే లేదు. పద్దు రాసిన తీరే ఆ పని చేసింది. అందుకని మేము జకాత్ వినియోగానికి 82,000 మాత్రమే డెబిట్ చేసి, అడ్వాన్సుకు 20,000, బ్యాంకుకు 62,000 క్రెడిట్ రాస్తాం. తగ్గింపు సంగతి వివరణలో రాసి బిల్లు జత చేస్తాం. ఆ 2,000 జకాత్ ఖాతాలోనే ఉండి మరో ఇంటికి సరుకు అవుతుంది. ఏ నిధితో కొన్నామో తగ్గింపు ఆ నిధిదే. ఏ సంస్థ లెక్కలు చూసినా ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడమని మనవి.

కొన్ని విరాళాలు సొమ్ముగా మాత్రమే రావు. ఒక కుటుంబం 25,000 చెక్కు, 2,000 నగదు, 15,000 విలువైన పది బియ్యం బస్తాలు ఇచ్చిందనుకుందాం. అందులో 25,000 జకాత్, 17,000 సదఖా అన్నారు. దీన్ని మూడు డెబిట్లు, రెండు క్రెడిట్లతో ఒకే పద్దుగా రాయవచ్చు. బ్యాంకు 25,000, నగదు 2,000, బియ్యం నిల్వ 15,000 డెబిట్. జకాత్ 25,000, సదఖా 17,000 క్రెడిట్. రెండు వైపులా 42,000. శాస్త్రం దీన్ని అనుమతిస్తుంది. కాని ఇలాంటి పద్దు చూసినవారికి ఏది జకాత్ అన్నది తెలియదు. చెక్కు జకాతా? లేక బియ్యం, నగదు, చెక్కులో కొంత కలిపి జకాతా? అంకెలు ఈసారి అనుకోకుండా సరిపోయాయి కాబట్టి ఊహించగలం, ప్రతిసారీ ఆ అదృష్టం ఉండదు. అందుకే ఇటు అనేకం, అటు అనేకం ఉన్న పద్దును మేము రెండుగా విడగొడతాం. చెక్కు, జకాత్ ఒక పద్దు. నగదు, బియ్యం, సదఖా ఇంకో పద్దు. రెండో పద్దులో రెండు డెబిట్లు, ఒక క్రెడిట్ ఉంటాయి కాబట్టి అదీ సంయుక్త పద్దే, కాని చదివితే అర్థమవుతుంది. బియ్యానికి విలువ కట్టింది ఎవరు, ఏ రోజు ధర మీద అన్నది వివరణలో తప్పక ఉండాలి.

నగదు గురించి ఒక మాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద, 2017-18 ఆర్థిక సంవత్సరం నుంచి 2,000 దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి మినహాయింపు లేకుండా చేశారు. 80జి అనుమతి ఉన్న సంస్థలకు ఇచ్చే దాతలు ఇది గుర్తుంచుకుంటే మంచిది. మాకు మాత్రం పన్ను సంగతి కన్నా, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకు పుస్తకం బయట కూడా ఒక సాక్ష్యం ఉంటుందన్నదే ముఖ్యం.

గల్ఫ్‌లో పనిచేసే మన వాళ్లు తరచుగా మిత్రులందరి దగ్గరా పోగుచేసి ఒకే మొత్తంగా పంపుతారు. చాలా మంచి పని. ఒక డెబిట్, ఎన్ని ఉద్దేశాలుంటే అన్ని క్రెడిట్లు, రసీదులు మాత్రం ఎవరి పేరున వారికి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ మిత్రుల్లో ఎవరైనా విదేశీ పౌరులైతే వారి వాటా చట్టం దృష్టిలో విదేశీ విరాళం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంస్థ దాన్ని తీసుకోరాదు. ఉన్న సంస్థ కూడా, 2020 సవరణ తర్వాత, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. ఇలాంటి సొమ్మును ఒకసారి కలిపి పంపేశాక పద్దులో ఎంత చక్కగా విడదీసినా లాభం లేదు. అది పంపక ముందే విడదీయవలసినది.

ఇప్పుడు సంవత్సరానికి ఒకసారి మాత్రమే రాసే అతి పెద్ద సంయుక్త పద్దును చూద్దాం. ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తెరిచేటప్పుడు పాత పుస్తకంలోని ఆస్తులు, అప్పులు, నిధులు అన్నిటినీ ఒకే పద్దులో కొత్త పుస్తకంలోకి తెస్తారు. దీన్ని ప్రారంభపు పద్దు అంటారు. ఒక చిన్న సంస్థ ప్రారంభపు పద్దు ఇలా ఉందనుకోండి:

నగదు ఖాతా: డెబిట్ రూ. 6,000
బ్యాంకు ఖాతా: డెబిట్ రూ. 1,94,000
కుట్టు మిషన్ల ఖాతా: డెబిట్ రూ. 48,000
అద్దె డిపాజిట్ ఖాతా: డెబిట్ రూ. 30,000
జకాత్ నిధి ఖాతా: క్రెడిట్ రూ. 52,000
స్కాలర్‌షిప్పు నిధి ఖాతా: క్రెడిట్ రూ. 70,000
చెల్లించవలసిన విద్యుత్ బిల్లు ఖాతా: క్రెడిట్ రూ. 3,000
సాధారణ నిధి ఖాతా: క్రెడిట్ రూ. 1,53,000

రెండు వైపులా 2,78,000. కమిటీ సమావేశంలో ఎవరైనా పాస్‌బుక్కు తెరిచి, మన దగ్గర దాదాపు రెండు లక్షలు ఉన్నాయి, హాలుకు రేకులు వేయిద్దాం అంటారు. పద్దు చదవగలిగినవారు కాదంటారు. నగదు, బ్యాంకు కలిపి ఉన్నది 2,00,000. అందులో జకాత్ 52,000, స్కాలర్‌షిప్పులు 70,000, కరెంటు బిల్లు 3,000, కలిపి 1,25,000 ఇప్పటికే వేరొకరికి చెందినవి. రేకుల గురించి మాట్లాడుకోగలిగింది 75,000 లోపలే. సాధారణ నిధి 1,53,000 అని ఉంది కదా అంటే, అందులో 78,000 కుట్టు మిషన్లుగా, అద్దె డిపాజిట్‌గా ఉంది. మిషన్లతో రేకులు రావు. సంస్థల్లో ఒక నిధి సొమ్ము మరో పనిలోకి జారిపోవడం చాలాసార్లు దురుద్దేశంతో మొదలవదు, పాస్‌బుక్కును మాత్రమే చూసి నిర్ణయాలు చేయడంతో మొదలవుతుంది.

పట్టికలు చదివేటప్పుడు మరో సంగతి గమనించండి. పుస్తకాలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తాయి, రమజాన్ చంద్రమానంతో నడుస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అంటే 2024-25 లెక్కల్లో ఒక రమజాన్ చివరి పది రోజులు, తర్వాతి రమజాన్ మొత్తం, రెండూ ఉన్నాయి. ఆ ఏడాది ఏ సంస్థ జకాత్ వసూళ్లయినా పెరిగినట్టు కనిపిస్తే అది దాతల సంఖ్య పెరిగినందువల్లే కాకపోవచ్చు. మరుసటి ఏడాది తగ్గినట్టు కనిపించినా అంతే.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే నిజం. రెండు వైపులా మొత్తాలు సరిపోయినంత మాత్రాన పద్దు సరైనదని కాదు. మొదటి ఉదాహరణలో జకాత్‌కు 40,000 బదులు 10,000, స్కాలర్‌షిప్పుకు 10,000 బదులు 40,000 అని తారుమారుగా రాశారనుకోండి. క్రెడిట్ల మొత్తం 60,000 తప్పదు. సంవత్సరాంతాన వేసే అంకణా కూడా చక్కగా సరిపోతుంది. ఆడిటర్ రసీదుతో పోల్చి చూస్తే పట్టుకుంటారు, కాని రసీదే తప్పుగా రాసి ఉంటే వారికీ దొరకదు. అలాంటి తప్పును పట్టుకోగలిగిన మనిషి ఒక్కరే, ఆ సొమ్ము ఇచ్చినవారు. అందుకే రసీదు చేతికి రాగానే మొత్తం అంకెతో ఆగకుండా లోపలి వరుసలు కూడా చదవమని కోరుతున్నాం. తేడా ఉంటే వెంటనే చెప్పండి, మొహమాట పడవద్దు.

ఇక ఈ రోజుల్లో యూపీఐ వచ్చాక కొత్త రకం చిక్కు వచ్చింది. సొమ్ము క్షణంలో వస్తుంది, ఉద్దేశం మాత్రం రాదు. 9,000 వచ్చింది, పేరు సగమే కనిపిస్తోంది, సందేశం రాసే చోట ఏమీ లేదు. జకాతో, సదఖానో, ఫిత్రానో ఊహించి రాయడానికి మాకు హక్కు లేదు. తెలిసేదాకా దాన్ని అనామతు ఖాతాలో ఉంచుతాం. పద్దుల పుస్తకాల్లో ఎటు చెందుతుందో తేలని సొమ్ముకు ఈ ఖాతా తెరుస్తారు. తెలుగు పద్దుల భాషలో జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తనిఖీ అన్నీ అరబీ, పారశీ భాషల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి ఇక్కడివే అయిపోయిన మాటలు. ‘అనామతు’ కూడా అంతే, మన అమానత్ అన్న మాటే తెలుగు నోట అలా మారింది. తేలని సొమ్ముకు తెలుగు గుమాస్తాలు పెట్టుకున్న పేరు అదే కావడం మాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఆ దాత నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి జకాత్ 5,000, సదఖా 2,500, ఇంటిల్లిపాది తరఫున ఫిత్రా 1,500 అని చెప్పారనుకోండి. మొదటి రోజు రాసిన పద్దును కొట్టివేయం, దిద్దం. ఫోను వచ్చిన తేదీన కొత్త పద్దు రాస్తాం:

అనామతు ఖాతా: డెబిట్ రూ. 9,000
జకాత్ నిధి ఖాతా: క్రెడిట్ రూ. 5,000
సదఖా ఖాతా: క్రెడిట్ రూ. 2,500
ఫిత్రా నిధి ఖాతా: క్రెడిట్ రూ. 1,500

ఆ ఫోను పండుగ నమాజు అయిపోయాక వస్తే ఫిత్రా గడువు దాటిపోయినట్టే, దాన్ని ఏ పద్దూ వెనక్కి తేలేదు. కాబట్టి యూపీఐలో పంపేవారు సందేశం రాసే చోట ‘జకాత్ 5,000, సదఖా 2,500, ఫిత్రా 1,500’ అని ఒక్క వరుస రాసి పంపండి. అక్కడ చోటు చాలకపోతే లావాదేవీ తాలూకు 12 అంకెల రిఫరెన్సు నంబరు, వివరాలు అదే రోజు కార్యాలయానికి తెలియజేయండి. రసీదు పుస్తకంలో ఈ మూడింటికీ విడివిడి గడులు ఉన్నాయి. ‘ఇతర’ అనే నాలుగో గడిలో ఏ పనికి అన్నది మీ మాటల్లో రాయించుకోండి.